బండి ఆగవలసిన చోట ఆగాలి



బండి కొనేటప్పుడు మనమందరమూ ఇంజను గురించే అడుగుతాము. ఎంత బరువు లాగుతుంది, లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, ఎన్ని బస్తాలు మోస్తుంది అని అడుగుతాము. ఎలా ఆగుతుందని అడిగేవారు బహు కొద్దిమంది. పల్లెలలో పాత బండి బేరమాడేటప్పుడు బానెట్టు ఎత్తి చూస్తారే గాని చక్రము విప్పి చూడరు. కాని ఆ బండికి ఎదురుగా బడి నుండి నడచివచ్చే బిడ్డకు దాని ఇంజనుతో పని లేదు, దాని బ్రేకులతోనే పని. మా సంఘపు పాత పికప్పు బండి ముందు కమాన్లు, బ్రేకులు మార్పించిన సందర్భములో ఈ సంగతి మాకు బాగా తెలిసివచ్చింది. అటువంటి బండ్లు మన శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి గనుక, తెలుసుకున్నది మీకును ఉపయోగపడునని వ్రాస్తున్నాము.

మేముండేది శ్రీకాకుళం పట్టణమును ఆనుకొనియున్న అరసవల్లిలో. మా బండి ముందుభాగము జీపు, వెనుకభాగము ఇనుప తొట్టి. సంఘములోని ఒక రైతు పెద్ద దానిని ఎన్నో సంవత్సరములు పొలము పనులకు వాడుకొని, తన చివరి దినములలో సంఘమునకు ఇచ్చారు. నాటినుండి కూడికలకు కుర్చీలు, షామియానా గుడ్డలు, వంట పాత్రలు అదే మోస్తున్నది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల కొబ్బరి, జీడి తోటలను నేలమట్టము చేసినప్పుడు బియ్యపు బస్తాలు, టార్పాలిన్లు మోసుకొని పోయింది కూడా ఆ బండే. కాబట్టి మా సంఘములో దానిని ఇనుము అని ఎవరూ అనుకోరు. ఇంట్లో ముసలి ఎద్దును చూసినట్లు చూస్తారు.

ఈ జీపుల వంశము పెద్దది. రెండవ ప్రపంచ యుద్ధకాలములో అమెరికా సైన్యము కొరకు విల్లీస్ కంపెనీ ఈ బండ్లను తయారుచేసింది. యుద్ధము ముగిసిన తరువాత అవి రైతుల చేతికి వచ్చాయి. మన దేశములో 1947లో మహీంద్రా వారు బొంబాయిలో విడిభాగములు తెప్పించి జీపులు కూర్చడము మొదలుపెట్టారు. తరువాత ఇక్కడే పూర్తిగా తయారుచేశారు. అటవీశాఖవారు, వైద్యులు, మిషనరీలు, మన్యపు వర్తకులు అందరూ ఆ తరహా బండ్లనే నమ్ముకున్నారు. రోడ్డు లేని చోటికి పోగలుగుట దానికి కారణము.

ఆ పాత తరహాలో ముందు ఇరుసు మొద్దుగా ఒకే కడ్డీ. దాని రెండు వైపుల కమాను పట్టీలు. ఎగుడుదిగుడు వచ్చినప్పుడు ఒక చక్రము లేస్తే రెండవదికూడ దానితోపాటు కదలుతుంది. నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. డ్రైవరు పాదము తొక్కిన బలమే గాని వేరే సహాయము లేదు. గంటకు 40 కిలోమీటర్లు పోయే మట్టిదారులకు ఆ ఏర్పాటు చాలినంతది. ఇప్పుడు ఆ బండే ఒకప్పటి 5వ నంబరు, నేటి 16వ నంబరు జాతీయ రహదారి మీద పెద్ద లారీల మధ్య 60, 70 వేగముతో పోవలసివస్తున్నది. బండి మారలేదు, దాని చుట్టూ రోడ్డు మారిపోయింది.

వేగము పెరిగితే ఏమవుతుందో చిన్న లెక్క చూడండి. వేగము రెండింతలైతే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుంది. టన్నున్నర బరువున్న బండిని గంటకు 60 కిలోమీటర్ల వేగమునుండి ఒకసారి ఆపితే పుట్టే వేడి, సుమారు ముప్పావు లీటరు నీటిని మరిగే దశకు తెస్తుంది. అదే బండి 300 మీటర్ల ఎత్తున్న కొండ దిగితే, కేవలము బ్రేకుల మీదనే దిగితే, ఒక బిందెడు నీరు, అంటే దాదాపు 15 లీటర్లు, మరిగించేంత వేడి పుడుతుంది. ఆ వేడి అంతయు పోవలసినది నాలుగు చిన్న డ్రమ్ముల గుండానే.

డ్రమ్ము వేడెక్కితే ఇనుము వ్యాకోచించి షూలకు దూరముగా జరుగుతుంది. లైనింగు పట్టు తప్పుతుంది. ఇక తొక్కినకొద్దీ పెడలు దిగుతుందే గాని బండి నిలువదు. వాగు దాటినప్పుడు నీరు లోపలికి పోతే చాలాసేపు బయటికి రాదు. వానాకాలములో వాగు దాటిన డ్రైవరు బ్రేకు మీద కాలు నెమ్మదిగా ఉంచి కొంతదూరము పోవుట మీరు చూచియుంటారు. లోపలి తడి ఆరుటకే ఆ పని.

మా బండికి ఆ అనుభవము సీతంపేట ఏజెన్సీ దారిలో కలిగింది. ఆ ప్రాంతము 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. కొండమీది గ్రామములో కూడిక ముగించుకొని, కుర్చీలు, వంట పాత్రలు వేసుకొని వానలో దిగుతున్నాము. బండి నడుపుతున్నది మా సంఘ యౌవనస్థుడు. రెండు నెలల క్రిందటే ఒక షెడ్డులో బ్రేకులు బాగుచేయించి ఉన్నాము. అయినను ఒక మలుపు ముందు పెడలు నేలకు తగిలిపోయింది. బండి ఎడమకు గుంజింది. ఆ చిన్నవాడు కంగారుపడక గేరు తగ్గించి, చేతిబ్రేకు లాగుతూ, లోయ వైపు పోనీయక కొండ వైపు మట్టిగట్టుకు ఆనించాడు. ఒక బంపరు వంగుట తప్ప ఎవరికిని హాని కలుగలేదు. ఆ మలుపుకు అవతల, చెట్టు క్రింద తలమీద గోనెసంచి కప్పుకొని ఇద్దరు ఆడవాళ్లు, ఒక పసిబిడ్డ నిలబడి ఉన్నారు. ఆ దృశ్యము మాకు చాలా రాత్రులు నిద్రలో వచ్చింది.

మరునాడు శ్రీకాకుళములో మరొక మేస్త్రి గారు చక్రములు విప్పి చూపించారు. ఎడమ ముందు చక్రపు సిలిండరులో వాషర్లు కారి, బ్రేకు ఆయిలు లైనింగు మీద పడి, లైనింగు నల్లగా నిగనిగలాడుతున్నది. ఇటీవల వేసిన ఆ వాషర్లు రబ్బరు ఉబ్బి మెత్తబడి ఉన్నాయి. కమాను కట్టలో పైపట్టీ, అంటే అన్నిటికంటె ముఖ్యమైన మొదటి పట్టీ, నడిమి బోల్టు దగ్గర చీలి ఉన్నది. షాకబ్జార్వరులో నూనె లేదు. ఆయన తన మాటలలో ఇలా చెప్పారు:

"అయ్యగారూ, బండి ముసిలిదని కాదండి. ముందు సక్రాలకి బలం నేదు. బ్రేకు తొక్కితే బరువంతా ముందుకొచ్చి పడతాది. ఆ బరువు మోసీ కమాను ఇరిగిపోనాది. ఆపీ డ్రమ్ము ఆయిలు తాగేసింది. ఇంకేటి ఆగుతాది సెప్పండి?"

ఆయన మాటలో పెద్ద శాస్త్రమే ఉన్నది. బ్రేకు తొక్కినప్పుడు బండి ముక్కు క్రిందికి వంగుతుంది గదా! బరువు ముందు చక్రముల మీదికి జరుగుటయే అది. అందుచేత ఆపే పనిలో సగము కంటె ఎక్కువ భాగము ముందు బ్రేకులదే. ఇంకొక సంగతి కూడా ఉన్నది. బ్రేకు ఆపేది చక్రమును మాత్రమే. బండిని ఆపేది టైరు నేలను పట్టుకొనే పట్టు. కమాను విరిగి, షాకబ్జార్వరు పోయినప్పుడు చక్రము గంతులు వేస్తుంది. నేల విడిచి గాలిలో ఉన్న చక్రమునకు ఎంత మంచి బ్రేకు ఉన్నను ప్రయోజనము లేదు. కాబట్టి కమాన్లు, బ్రేకులు రెండు పనులు కావు, ఒకే పని.

ఈ బండిని ఏమి చేయవలెనని పెద్దలు కూడి ఆలోచించారు. ఇనుప సామాన్ల వానికి అమ్మివేయుదమని కొందరన్నారు. పాత పద్ధతిలోనే వాషర్లు, లైనింగులు వేసి చవకగా పోనిద్దామని కొందరన్నారు. కొత్తగా ముందు డిస్కు బ్రేకులు పెట్టించుటకు ఒక మంచి పాడి ఆవు వెలంత ఖర్చున్నది. అది కానుకల డబ్బు, కూలిచేసిన చేతులు వేసిన డబ్బు. మాటలు ఎటూ తేలలేదు. అప్పుడు బండి నడిపిన చిన్నవాని తల్లి వెనుకనుండి లేచి, "అయ్యగారూ, బాగు సేయిస్తే పూర్తిగా సేయించండి. నేపోతే అమ్మీయండి. మద్దిలో మాత్రం ఉంచొద్దు. దాన్ని తోలేది నా కొడుకు" అని కూర్చున్నది. ఆ తరువాత ఎవరూ చవక మాట ఎత్తలేదు.

పని మొదలుపెట్టుటకు ముందు చట్టము చూచుకొనవలెను. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రేషను పత్రములో ఉన్న వివరములకు, కంపెనీ వారు నిర్ణయించిన తీరుకు భిన్నముగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సంగతి స్పష్టము చేసింది. అందుకని చాసిస్ కోయకుండా, అతకకుండా, అదే కుటుంబపు తరువాతి మోడలు భాగములతో మాత్రమే పని చేయించుటకు నిశ్చయించి, రవాణా కార్యాలయములో ముందుగా వ్రాతపూర్వకముగా అడిగి, వారు సరేనన్న తరువాతనే బండిని షెడ్డుకు పంపించాము. భీమా కంపెనీ వారికి కూడా తెలియజేశాము. చెప్పకుండ మార్చిన బండికి రేపు ప్రమాదము జరిగితే నష్టపరిహారము దగ్గర చిక్కు వచ్చునని మరువకండి.

అమెరికాలో పాత పికప్పులను ముద్దుగా ఉంచుకొనేవారు చాలామంది ఉన్నారు. అక్కడ షెవర్లే పికప్పులకు 1960లో ఒక్కొక్క ముందు చక్రము విడిగా కదలే ఏర్పాటు, 1971లో ముందు డిస్కు బ్రేకులు వచ్చాయి. అంతకు పూర్వపు బండ్లకు మొద్దు ఇరుసు తీసివేసి, 1974 తరువాతి ఫోర్డు మస్టాంగు కారు తరహా ముందుభాగమును చాసిస్‌కు అతికించుట అక్కడ వాడుక. ఇది మనకు పనికిరాదు. మన చట్టమునకు సరిపడదు, మన గోతులకు తట్టుకోదు, దారిలో విరిగితే పాలకొండలోగాని వీరఘట్టములోగాని సామాను దొరకదు. మొద్దు ఇరుసు, కమాన్లు అలాగే ఉంచి వాటిని బలపరచుటయే మన పల్లెలకు తగిన మార్గము.

మేస్త్రి గారు మొదట కమాన్లు పట్టుకున్నారు. చీలిన పైపట్టీలు రెండు వైపుల కొత్తవి వేశారు. ఒక వైపు మాత్రమే మార్చితే బండి ఒరుగుతుంది. తక్కిన పట్టీలకు వంపు తిరిగి కట్టించారు. బుష్షులు, షాకిళ్లు, యూ బోల్టులు, షాకబ్జార్వర్లు అన్నియు కొత్తవే. మన సముద్రపు గాలికి యూ బోల్టులు తుప్పుపట్టి సన్నబడతాయి. పైకి బాగానే కనబడతాయి, ఒకనాడు పుటుక్కుమంటాయి. తరువాత కింగ్ పిన్ను బేరింగులు, టై రాడ్డు చివరలు చూచారు. ఇవి వదులైతే కొంత వేగములో గోతి తగిలినప్పుడు స్టీరింగు చేతిలో గడగడలాడిపోతుంది.

తరువాత ముందు చక్రములకు డిస్కులు అమర్చారు. డిస్కు అనగా చక్రముతో కూడ తిరిగే గుండ్రని ఇనుప పళ్లెము. దానిని రెండు వైపుల నుండి ప్యాడ్లు పట్టకారువలె బిగిస్తాయి. అది వేడెక్కి మందమైనను ప్యాడ్ల వైపే జరుగుతుంది, దూరము కాదు. బయటనే ఉండుటచేత గాలికి చల్లారుతుంది, నీరు పడినను విసిరివేస్తుంది. ఇంగ్లండులో లాంచెస్టర్ అనే ఇంజనీరు 1902లోనే దీనికి పేటెంటు పొందాడు. 1953లో ఫ్రాన్సులోని లమాన్ పందెములో డిస్కు బ్రేకులున్న జాగ్వారు కారు గెలిచిన తరువాత లోకము దాని విలువ గ్రహించింది.

డిస్కులు పెట్టిస్తే చాలునని అనుకోరాదు. డ్రమ్ములో తిరిగే చక్రమే షూను లోపలికి ఈడ్చుకొని సహాయము చేస్తుంది. డిస్కుకు ఆ సహాయము లేదు గనుక ఎక్కువ ఒత్తిడి కావాలి. అందుకు బూస్టరు పెట్టాలి. డీజిలు ఇంజనులో బూస్టరుకు కావలసిన వాక్యూము దానంతట అది రాదు. ఆల్టర్నేటరు వెనుక చిన్న పంపు ఉంటుంది, దానివలన వస్తుంది. పాత మాస్టరు సిలిండరు కూడా పనికిరాదు. డ్రమ్ముల కొరకు గొట్టములలో కొంచెము ఒత్తిడి నిలిపియుంచే చిన్న వాల్వు అందులో ఉంటుంది. అదే డిస్కులకు ఉంచితే ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూ వేడెక్కిపోతాయి. అందుచేత రెండు గదుల మాస్టరు సిలిండరు వేయించాము. ముందు చక్రములకు ఒక దారి, వెనుకకు ఒక దారి. ఒకటి తెగినను రెండవది పనిచేస్తుంది. సీతంపేట దారిలో మా బండికి లేనిది ఇదే. ఒక్క చక్రములో కారితే నాలుగు చక్రముల బలమును పోయింది.

ఇక్కడ ఒక మాట. పెడలు మీద తొక్కిన బలము గొట్టములోని ద్రవము ద్వారా అన్ని చక్రములకును సమానమైన ఒత్తిడిగా అందుటకు మూలసూత్రము చెప్పినవాడు ఫ్రాన్సు దేశపు బ్లెయిజ్ పాస్కల్. ఆయన 1623లో పుట్టి 1662లో, 39 ఏళ్లకే మరణించాడు. క్రైస్తవ విశ్వాసమును గూర్చి ఆయన వ్రాసుకొన్న తలంపులు 1670లో అచ్చయినవి. మేము వేదాంత పాఠశాలలో ఆయన పేరు ఆ పుస్తకము వలననే విన్నాము. మేస్త్రి గారి షెడ్డులో ఆయన మళ్లీ కనబడుతాడని అనుకోలేదు. ఆయన సూత్రమును బండి బ్రేకులకు వినియోగించినవాడు అమెరికాకు చెందిన మాల్కమ్ లాగ్‌హెడ్. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారులో నాలుగు చక్రములకు అటువంటి బ్రేకులు వచ్చాయి. మూడు వందల ఏండ్ల దూరములో ఉన్న ఒక మనిషి ఆలోచన నేడు మన పల్లె బాటలో ఒక బిడ్డను కాపాడుతున్నది!

వెనుక డ్రమ్ములను అలాగే ఉంచి, లేతు పట్టించి, కొత్త లైనింగులు వేశారు. వెనుక బ్రేకులు ముందువాటికంటె ముందుగా పట్టివేస్తే ఖాళీ బండి తోక తిప్పుతుంది. దానికి తగిన వాల్వు అమర్చారు. తరువాత గాలి తీశారు. మాస్టరు సిలిండరుకు దూరముగా ఉన్న వెనుక ఎడమ చక్రముతో మొదలుపెట్టి దగ్గరదానితో ముగించుట పద్ధతి. గొట్టములో ఒక్క బుడగ మిగిలినను పెడలు మెత్తగా ఉంటుంది. పని అయిన తరువాత ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఇరవై, ముప్పై పర్యాయములు వేగము తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేశారు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగిన తరువాత యూ బోల్టులు మరల బిగించారు.

ఇంతటి ఖర్చు అందరి వల్ల కాదని మాకు తెలుసును. డిస్కులు వేయించలేనివారు కూడ చేయదగిన పనులు ఉన్నవి. ఇంటిలో జీపుగాని, పికప్పుగాని, ట్రాలీ ఆటోగాని ఉన్న ప్రతి కుటుంబము వీటిని గమనించవలెను.

బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. డాట్ 3 అనే ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల వరకు మరుగనవసరము లేదు. తడి పీల్చిన తరువాత 140 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగితే ఆవిరి పుట్టి పెడలు నేలకు దిగుతుంది. తీరప్రాంతపు మనకు తేమ ఎక్కువ గనుక రెండేండ్లకొకసారి పూర్తిగా మార్పించండి. మూత తీసిపెట్టిన పాత డబ్బాలోనిది పోయనీయవద్దు. అందులో ఇంజను ఆయిలుగాని మరి ఏ నూనెగాని ఒక్క చుక్క కలిసినను రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

డీజిలు మిగులునని కొండ దిగేటప్పుడు ఇంజను ఆపి, న్యూట్రలులో వదిలే అలవాటు మన డ్రైవర్లకు ఉన్నది. ఇది ప్రాణాంతకము. ఇంజను ఆగితే వాక్యూము పోతుంది, రెండు మూడు తొక్కుళ్ల తరువాత పెడలు రాయివలె అవుతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి. కొండ దిగే బరువును ఎక్కువగా ఇంజనే పట్టుకొంటుంది, బ్రేకులు చల్లగా ఉంటాయి.

పాత లైనింగుల పొడిలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును. అది ఊపిరితిత్తులకు హాని. డ్రమ్ము విప్పినప్పుడు గాలి కొట్టి ఊదనీయక, తడిగుడ్డతో తుడిపించండి. షెడ్డులో పనిచేసే కుర్రవాడును ఒక తల్లి బిడ్డయే గదా!

సామాను కొనేటప్పుడు చవక చూడవద్దు. మా బండిలో ఉబ్బిన ఆ వాషర్లు పైకి అసలువాటివలెనే ఉన్నాయి. బిల్లు ఇచ్చే దుకాణములో, కంపెనీ ముద్ర ఉన్నవే కొనండి.

చివరగా, పెండ్లిళ్లకు, తీర్థములకు, కూడికలకు పికప్పు తొట్టిలో మనుష్యులను నింపి తీసుకొనిపోవుట మానుకొనండి. నిలబడిన మనుష్యుల బరువు ఎత్తున ఉంటుంది, మలుపులో బండి ఒరుగుతుంది. ఎంత మంచి బ్రేకు వేసినను బండి ఆగుతుంది, తొట్టిలోని వారు ఆగరు. మా బండి బాగయిన తరువాత మొదట వచ్చిన విన్నపము ఇదే: "అయ్యగారూ, ఇప్పుడు బ్రేకులు మంచివే కదా, పెండ్లి వారిని దించి రండి" అని. కుర్చీలు, పాత్రలు మాత్రము పంపి, మనుష్యులను బస్సులో పొమ్మన్నాము. కొందరికి కష్టము తోచింది. వారు క్షేమముగా ఇల్లు చేరారు, అది చాలును.

రథసప్తమి దినమున అరసవల్లి దారులన్నియు సూర్యదేవాలయమునకు వచ్చే జనముతో నిండిపోతాయి. అర్ధరాత్రి నుండి చంకలో బిడ్డలతో, ముసలివారిని చేయిపట్టి నడిపించుకొంటూ పోతుంటారు. వారిలో ఎవరు ఎవరో మనకు తెలియదు, తెలియనక్కరలేదు. మన బండి ముందు నడిచే ప్రతివాడును మన పొరుగువాడే. వాని ప్రాణము మన పాదము క్రింద ఉన్న ఆ చిన్న పెడలు మీద ఆనుకొని ఉన్నది. కాబట్టి ఈ నెలలోనే, వానలు ముదరకమునుపే, మీ ఇంటి బండి ముందు చక్రములు ఒకసారి విప్పించి చూపించుకొనండి. పెద్దలు దగ్గర నిలబడి చూడండి, బండి తోలే పిల్లలకు కూడ చూపించండి.

మీ ప్రయాణములన్నియు క్షేమముగా జరుగును గాక.